హార్ట్‌ఫర్డ్ బడి జమాఖర్చులు

ఒరేయ్ ఆడిటరూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం ఈసారి బద్ధకం కాదు, జమాఖర్చులు. అవును, నేనే! లెక్కలంటే ఆమడ దూరం పరుగెత్తే నేను, రెండు వందల ఏళ్ల నాటి ఒక బడి పద్దులు ముందేసుకుని రాత్రిళ్లు కూర్చుంటున్నాను. నువ్వు నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ 1817 ఏప్రిల్ 15న ఏడుగురు విద్యార్థులతో బధిరుల బడి ఒకటి మొదలైంది. ఆ దేశంలో అలాంటి బళ్లలో నిలదొక్కుకున్న మొదటిది అదే. ఇప్పటికీ నడుస్తోంది. ఏటా వాళ్లు నివేదిక అచ్చువేసేవారు. అందులో కోశాధికారి లెక్కతో పాటు విద్యార్థుల పట్టిక కూడా ఉండేది. నన్ను పట్టేసింది ఆ పట్టికే. పేరు, ఊరు, ఆ పక్కనే ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న గడి. ఒకరికి సొంతవాళ్లు, ఒకరికి మసాచుసెట్స్ ప్రభుత్వం, మరొకరికి బడే. పిల్లవాడి పేదరికాన్ని పేరుతో సహా అచ్చువేసి పంచడమేమిటని నాకు మనసు చివుక్కుమంది. పద్దు అన్నాక సొమ్ము ఎవరిదో రాయాల్సిందే కదా అని నువ్వంటావు. సరే, ఒప్పుకుంటాను, సగమే.

అసలు కథ డబ్బు దగ్గరే మొదలైంది. హార్ట్‌ఫర్డ్‌లో కాగ్స్‌వెల్ అనే వైద్యుడి కూతురు ఆలిస్‌కు చిన్నతనంలోనే జబ్బుచేసి వినికిడి పోయింది. ఆయన, ఊరి పెద్దలు చందాలు పోగుచేసి, బోధన పద్ధతి నేర్చుకు రమ్మని థామస్ గాలడెట్ అనే యువకుణ్ణి 1815లో ఐరోపాకు పంపారు. బ్రిటన్‌లో ఆ విద్య బ్రెయిడ్‌వుడ్ కుటుంబం చేతిలో ఉంది. వాళ్లకది ఇంటి వ్యాపారం. కొన్నేళ్లు తమ దగ్గర పనిచేయాలి, పద్ధతి ఎవరికీ చెప్పకూడదు అన్నారు. చదువు చెప్పే కిటుకును కూడా తాళం వేసి దాచుకోవచ్చని నాకు ఇప్పుడే తెలిసింది! గాలడెట్ ఒప్పుకోలేదు. పారిస్ వెళ్లాడు. అక్కడ ఎపే అనే మతగురువు పెట్టిన బడిలో తాళాలూ లేవు, గుట్టూ లేదు.

ఆ పారిస్ బడిలోనే లోరాఁ క్లెర్ ఉన్నాడు. తానూ బధిరుడే, మంచి ఉపాధ్యాయుడు. 1816 జూన్‌లో ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు: మూడేళ్ల కొలువు, ఏడాదికి 2,500 ఫ్రాంకుల జీతం. బడికి ఇంకా గోడలు లేవు, విద్యార్థులు లేరు, పంతులి జీతం మాత్రం ఖాయమైంది. నీలాంటి వాడు చూస్తే గుండెలు బాదుకుంటాడు. ఓడలో 52 రోజుల ప్రయాణం. ఆ రోజుల్లో క్లెర్ ఇంగ్లీషు నేర్చుకున్నాడు, గాలడెట్ అతడి దగ్గర సైగలు నేర్చుకున్నాడు. ఫీజు ప్రసక్తి లేని చదువు మొత్తం కథలో అదొక్కటే!

దిగీ దిగగానే ఇద్దరూ ఊరూరా తిరిగి చందాలు అడిగారు. సభల్లో క్లెర్ రాసుకొచ్చిన ప్రసంగాన్ని గాలడెట్ చదివి వినిపించేవాడు. జనం ప్రశ్నలడిగితే క్లెర్ రాసి జవాబిచ్చేవాడు. బధిరుడికి చదువొస్తుందా అన్న అనుమానానికి అతడే సమాధానమై నిలబడాలి, ఆపైన జోలె పట్టాలి. ఆ శ్రమను ఏ ఖాతాలో రాస్తారో నువ్వే చెప్పాలి. 1816 అక్టోబరులో కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసింది. అయినా మొదట్లో ఒక్కో విద్యార్థికి ఏడాదికి 200 డాలర్లు వసూలు చేయక తప్పలేదు. కూలి చేసుకునే తండ్రి అంత ఎక్కడ తెస్తాడు?

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. క్లెర్ వాషింగ్టన్ వెళ్లి పెద్దలను కలిశాడు. ప్రతినిధుల సభ అధ్యక్షుడు హెన్రీ క్లే మద్దతు పలికాడు. 1819లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ బడికి నగదు బదులు భూమి ఇచ్చింది: దక్షిణాది అలబామాలో సుమారు 23,000 ఎకరాలు. అదే ఏడాది బడి పేరులో కనెక్టికట్ పోయి అమెరికన్ వచ్చింది. దేశం సొమ్ము తిన్నాక ఆ మాత్రం ఉండాలి కదా! సరిగ్గా అప్పుడే ఆర్థిక సంక్షోభం విరుచుకుపడింది. ఆ గడ్డుకాలంలో భూములు అమ్మిపెట్టడానికి విలియం ఈలీ అనే ఆయన అలబామా వెళ్లాడు. అక్కడి జిల్లా న్యాయస్థానానికి ఆయన కొంత స్థలం ఇస్తే, ఊరికి ఈలీటన్ అని పేరు పెట్టారు. 1910లో అది బర్మింగ్‌హామ్ నగరంలో కలిసిపోయింది. ఎక్కడి హార్ట్‌ఫర్డ్ బడి, ఎక్కడి బర్మింగ్‌హామ్!

అమ్మకాల సొమ్ము సుమారు 3 లక్షల డాలర్ల మూలనిధి అయింది. దాని ఆదాయంతో ఫీజు క్రమంగా 100 డాలర్లకు దిగింది. మసాచుసెట్స్ 1819లోనే 20 మంది పేద విద్యార్థుల ఖర్చు తలకెత్తుకుంది, చుట్టుపక్కల రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పట్టికలో చిల్‌మార్క్ అనే పల్లె పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అది మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో ఉంది. అప్పట్లో అక్కడ వంశపారంపర్యంగా బధిరులు ఎక్కువగా ఉండేవారు, అందుకని వినగలిగే వాళ్లకు కూడా సైగలు వచ్చేవి. ఆ పల్లె పిల్లలు బడికి వట్టి చేతులతో రాలేదు, భాషతోనే వచ్చారు.

సంతోషంగా ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. కానీ "ఈ జమ ఎక్కడిది?" అని అడగడం నీ దగ్గరే నేర్చుకున్నాను కదా. వెనక్కి వెళ్లి చూస్తే, క్రీక్ జాతి ఆదివాసులు యుద్ధంలో ఓడిపోయాక 1814లో చేసుకున్న ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం కనిపించింది. దాని కింద వాళ్లు 2 కోట్ల ఎకరాలకు పైగా వదులుకోవాల్సి వచ్చింది. అయిదేళ్లు తిరక్కుండానే అందులోని అలబామా భూములు ఇలా పంపకానికి వచ్చాయి. పిల్లల పట్టికలో ఎవరు భరిస్తున్నారన్న గడి ఉందని చెప్పాను కదా, అందులో క్రీకుల పేరు ఎక్కడా లేదు. ఆ ఫీజు తగ్గినందుకు సంతోషిస్తున్నాను, ఈ గడి చూసి తలవంచుకుంటున్నాను. రెండూ ఒకే రాత్రి.

నీ వృత్తిలో ఇలాంటి దానికి ఏదైనా పద్దు పేరుందా? ఉంటే రాయి. వచ్చే వారం 1830 తర్వాతి నివేదికలు మొదలుపెడతాను. అర్థం కాని చోటల్లా నీ ప్రాణం తీయడం ఖాయం.

నీ లెక్కరాని మిత్రుడు