పార్కింగ్‌లో పామ్ చెట్లు, రోడ్డవతల వేపచెట్టు

సంపాదకుల గారికి,

నమస్కారం. నాది ఒడిశాలోని బరంపురంలో చిన్న బట్టల కొట్టు. మూడేళ్ల కిందట బజారులో ఉన్న ఇరుకు కొట్టు వదిలి, హైవే వైపు కొత్తగా కట్టిన కాంప్లెక్స్‌లోకి మారాను. అద్దెతో పాటు నెలనెలా మెయింటెనెన్స్ కడతాం. అందులో గార్డెన్ ఖర్చూ ఉంటుంది. ఆ గార్డెన్ గురించే ఈ ఉత్తరం.

ముందు వైపు వరసగా 14 రాయల్ పామ్‌లు. కడియం నర్సరీల నుంచి లారీలో తెప్పించారు. దించిన రోజు అందరూ ఫోటోలు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. వాటి కింద కొరియన్ గడ్డి, గడ్డి చుట్టూ అడుగెత్తు సిమెంటు గట్టు, మిగతా జాగా అంతా టైల్స్. చూడ్డానికి బాగానే ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి అక్కడ బండి పెట్టి, గంట తర్వాత వచ్చి ఆ సీటు మీద కూర్చుంటే తెలుస్తుంది సంగతి.

రోడ్డవతల ఒక టీ బడ్డీ ఉంది. దాని పక్కన పాత వేపచెట్టు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది బళ్లు అక్కడే ఆపి, టీ తాగి, ఎండ తగ్గాక రోడ్డు దాటతారు. కొందరు దాటరు. మధ్యాహ్నం బేరమంతా ఆ బడ్డీ ఆయనది. ఆయన మీద నాకు కోపం లేదు గాని కొంచెం కుళ్లు మాత్రం ఉంది.

ఇక్కడివాళ్లకు పెద్ద చెట్టంటే భయం ఎందుకో నాకు తెలుసు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా వీధిలో తురాయి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఐదేళ్లకు తిత్లీ వచ్చి పర్లాకిమిడి వైపు తోటల్ని ఊడ్చేసింది. అయితే ఫైలిన్ మర్నాడు చూసింది ఇంకొకటి నాకు బాగా గుర్తుంది. కూలిన చెట్లలో కొన్నిటికి వేళ్లు ఒక పక్కే ఉన్నాయి. రెండో పక్క కాలవ గోడ, సిమెంటు రోడ్డు. వేరు పోవడానికి చోటివ్వకుండా చెట్టు గాలికి ఆగలేదంటే ఎలా? మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో 2013లోనే ఆదేశించింది. మా కాంప్లెక్స్‌లో టైలు సరిగ్గా మానును తాకుతూ ఉంటుంది.

మన నేలకు తెలిసిన చెట్లకు కొదవా? కానుగ ఉంది, ఉప్పు గాలికి తట్టుకుంటుంది, చిక్కటి నీడ. ఇక్కడి నర్సరీలో కరంజ అని అడిగితే వెంటనే ఇస్తారు. పొన్న (ఒడియాలో పొలాంగ) సముద్రపు ఒడ్డు చెట్టే. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, కానీ గుబురుగా, అందంగా ఉంటుంది. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ మాత్రం వద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. ఏడాకుల పాల మన చెట్టే అయినా షాపుల ముందు పనికిరాదు. పూత కాలంలో ఆ వాసనకు తలనొప్పి వస్తోందని విశాఖపట్నంలో జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

ఇక నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మా గడ్డి సుమారు 200 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెట్టాలన్నా వెయ్యి లీటర్లు కావాలి. బోరు ఎండితే ట్యాంకరు, ట్యాంకరు వస్తే మా మెయింటెనెన్స్ పెరుగుతుంది. అదే పార్కింగ్ వెయ్యి చదరపు మీటర్లుంటుంది. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే దాని మీద 50 వేల లీటర్లు పడతాయి. అందులో చుక్క కూడా చెట్లకు అందదు, ఎందుకంటే గట్టు అడ్డం. నీళ్లన్నీ రోడ్డు మీదికి, అక్కడి నుంచి టీ బడ్డీలోకి. గట్టుకు అక్కడక్కడ గండ్లు పెట్టి, లోపలి మట్టిని టైల్స్ కంటే జానెడు కిందికి దింపితే ఆ వానే చెట్లకు సరిపోయినంత తడుపుతుంది. ఖర్చల్లా మేస్త్రీకి రెండు రోజుల కూలి.

మట్టి అన్నాను గాని అక్కడ మట్టి ఎక్కడిది? నిరుడు ఒక పామ్ చచ్చిపోతే మాలి తవ్వాడు. పైన నాలుగు వేళ్ల మందాన ఎర్రమట్టి, కింద కట్టుబడి అప్పటి ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు. దాంట్లో ఏది బతుకుతుంది?

చెట్లు పెడితే బోర్డు కనబడదని యజమానుల బాధ. కింది కొమ్మలు పదడుగుల ఎత్తు వరకు కత్తిరిస్తూ పోతే బోర్డూ కనబడుతుంది, నీడా ఉంటుంది. కరెంటు తీగల కింద మాత్రం పెద్ద చెట్టు పెట్టకూడదు, అక్కడ మందారమో నందివర్ధనమో చాలు. కార్ల మీద పిట్టల రెట్ట పడుతుందనే మాటకు నా దగ్గర జవాబు లేదు. పడుతుంది.

కాంప్లెక్స్‌లకు ప్లాను పాస్ చేసేటప్పుడు పచ్చదనం అని రంగు వేసిన గళ్లు చూసి వదిలేయకుండా, పడమటి ఎండ పడే పార్కింగ్‌లో నీడ చెట్లు ఎన్ని, ఒక్కోదానికి టైల్స్ లేని నేల ఎంత, వాన నీరు ఎటు పోతుంది అని కూడా అధికారులు అడగాలి.

మా కొట్ల వాళ్లం ఆరుగురం కలిసి ఆరు కానుగ మొక్కలు మా డబ్బుతోనే కొంటామని యజమానికి రాసిచ్చాం. రథయాత్ర వానలకు నాటితే నాటుకుంటాయి. ఆయన చేయాల్సింది ఆరు చోట్ల టైల్స్ తీయించడమే. రెండు నెలలైంది, జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి,
బరంపురం, గంజాం జిల్లా