మన ఫ్లై ఫిషింగ్ సంఘం వార్షిక నివేదిక: రాసిన పేర్లు 21, పట్టిన రకాలు 13

సభ్యులందరికీ నమస్తే. నివేదిక రెండు నెలలు లేటయింది, తప్పు నాదే, కాకపోతే ఎందుకు లేటయిందో చెప్తా వినండి. ఏప్రిల్‌లో లెక్కలు రాద్దామని మన చేపల రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. ఏడాదంతా మీరు ఫ్లై (హుక్‌కి ఈకలు, దారం చుట్టి పురుగులాగా కట్టుకునే ఉత్తుత్తి ఎర) మీద పట్టిన చేపల పేర్లన్నీ ఏరితే 21 వచ్చాయి, అబ్బో మనోళ్లు ఇరగదీశారు అనుకున్నా, పోయినేడు తొమ్మిదే కదా. తర్వాత గ్రూప్‌లో పెట్టిన ఫొటోలు ఒక్కోటీ తీసి పక్కన పెట్టుకుంటే ఒకే మొహం నాలుగు పేర్లతో కనపడటం మొదలైంది.

సంగతేంటంటే మనలో సగం మంది ఇక్కడోళ్లు, సగం మంది ఆంధ్ర వైపు నుంచి వచ్చి సెటిలైనోళ్లు, ఇంకో నలుగురు చేప పేరైనా వల పేరైనా ఇంగ్లీషులోనే తెలిసినోళ్లు. నల్గొండ సభ్యుడు బొమ్మె అని రాశాడు, విజయవాడ ఆయన కొర్రమీను అన్నాడు, ఇంకొకరు కొర్రమట్ట, మూడూ ఒకటే చేప, మన తెలంగాణ రాష్ట్ర చేప. నాలుగో ఆయన ఏకంగా బొమ్మిడాయి అని రాశాడు. అడిగితే 'బొమ్మెకే ముద్దుపేరు అనుకున్నా సార్' అన్నాడు! బొమ్మిడాయంటే బురదలో దూరే పాములాంటి సన్న చేప, గోదావరి వాళ్లు పులుసు పెట్టుకునేది, బొమ్మెకీ దానికీ పేరులో మొదటి రెండక్షరాలు తప్ప చుట్టరికం లేదు. ఇట్లాగే రవ్వ, శీలావతి, రోహు మూడు లైన్లు, ఒకటే చేప. జిలేబీ, చైనా గొరక, తిలాపియా మూడు లైన్లు, అదీ ఒకటే.

ఇది ఇంట్లో కూర్చుని తేలే పని కాదని ఫోన్‌లో ఫొటోలేసుకుని రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పోయినా. పోయింది మృగశిర కార్తె రోజు, తెలివితక్కువతనం నాదే, ఆ రోజు హైదరాబాద్‌లో చేప తినని ఇల్లు ఉంటుందా, కాలు పెట్టే సందు లేదు. కత్తిపీట ముందు కూర్చున్న ఒకమ్మ నా ఫోన్ వంక, నా వంక చూసి 'ఏంది సార్, పట్టినోళ్లు మీరు, పేరు నన్నడుగుతరా' అంది. వెనక లైన్లో ఉన్నోళ్లంతా నవ్వారు. కానీ చేతిలో పని ఆపకుండానే పదినిమిషాల్లో సగం తేల్చేసింది. మనం బొమ్మె పిల్లలు అని రాసుకున్న వాటిలో రెండు బొమ్మెలు కావంట, మట్టగిడసలు. ఒంటిమీద నల్ల చుక్కలుంటాయి, ఎంత మేపినా జానెడు దాటి పెద్దగా పెరగవు అని చెప్పింది. కాబట్టి అక్కడ ఒక రకం నిలబడింది.

తీసేయాల్సిన ఇంకో పేరు సిల్వర్ కార్ప్, మనం వెండి చేప అనేది. అది పట్టింది మన సీనియర్ సభ్యుడే, బరువు కూడా బాగుంది, కానీ ఫొటో పెద్దది చేసి చూస్తే హుక్ నోట్లో లేదు, వీపు రెక్కలో ఉంది. నీళ్లలో నాచు నలకల్ని మొప్పలతో వడగట్టుకుని తినే చేప అది, ఫ్లైని చూసి నోరు తెరవాల్సిన అవసరం దానికేముంది? అది మన ఫ్లై తినలేదు, మనమే దాన్ని గుచ్చాం. కొట్టేశా. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. అట్లా 21లో ఎనిమిది పోయి 13 మిగిలాయి.

ఇప్పుడు అసలు విషయం. 13 అంటే తక్కువేం కాదు, కానీ ఎవరు ఏం పట్టారో చూస్తే ఒకటి కనపడుతుంది. మనలో ఎక్కువ మంది నీళ్ల పైన తేలే పాపర్ తప్ప ఇంకోటి కట్టరు, పాపర్ విసిరితే బొమ్మె వస్తుంది, ఇంకేమొస్తుంది, అందుకే చాలామంది పేజీల్లో బొమ్మె, బొమ్మె, మళ్లీ బొమ్మె. మన చెరువుల్లో చేపపిల్లలు వదిలేవాళ్లకి ఎప్పటినుంచో తెలిసిన లెక్క ఏంటంటే బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున, అందుకే మూడూ కలిపి వదుల్తారు, ఒకదాని తిండికి ఇంకోటి అడ్డం రాదు. చెరువు మూడంతస్తుల బిల్డింగ్ అనుకోండి, మనం డాబా మీదే తిరిగి ఇంట్లో ఇంకెవరూ లేరంటున్నాం. ఈ ఏడాది కొత్త రకాలు తెచ్చిన ముగ్గురూ బరువున్న నింఫ్ (నీటి పురుగు పిల్లలా ఉండే, మునిగే ఫ్లై) కట్టి అడుగుకి దింపినోళ్లే. బంగారుతీగ అట్లాగే దొరికింది, అది బురదలో మూతి పెట్టి వెతుక్కునే చేప, అది తవ్వేచోట నీళ్లు మసకబారి బుడగలొస్తాయి, ఆ బుడగల ముందు నింఫ్ దించి కదపకుండా కూర్చోవాలి. జెల్ల కూడా అంతే, చీకటి పడ్డాక. పట్టుకునేటప్పుడు రెక్కల ముల్లు చూసుకోండి, నా బొటనవేలు అడగండి చెప్తుంది.

బొమ్మెని తక్కువ చేస్తున్నానని అనుకోకండి, ఈ ఏడాది నేను చూసినవాటిలో మర్చిపోలేనిది బొమ్మే. సంగారెడ్డి వైపు ఒక చెరువులో, తామరాకుల మధ్య జానెడు ఖాళీ, అక్కడ నీళ్లు ఎర్రగా వణుకుతున్నాయి. పిల్లలు. నారింజ రంగు పిల్లలు గుంపుగా ముద్దలా తేలుతున్నాయి, అన్నీ కలిసి పైకొచ్చి గాలి పీల్చి దిగుతున్నాయి, ఉల్లి బజ్జీలు నూనెలో తేలినప్పుడు చిటపటమన్నట్టు శబ్దం. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. మన కుర్ర సభ్యుడు ఆ ముద్ద మీదికి కప్ప ఫ్లై విసరబోతే చెయ్యి పట్టుకున్నా. ఆ టైంలో అది ఆకలికి కొట్టదు, కోపానికి కొడుతుంది, ఏది విసిరినా కొడుతుంది, పట్టడం చాలా ఈజీ, కానీ దాన్ని పది నిమిషాలు బయట ఉంచితే పిల్లల్ని పక్క చేపలు మేసేస్తాయి. ఇప్పుడు వానలు మొదలయ్యాయి కాబట్టి చెప్తున్నా, ఎర్ర ముద్ద కనపడితే లైన్ చుట్టేసి ముందుకి నడవండి. దీని మీద కమిటీ తీర్మానం కూడా అయింది, ముగ్గురు గొణిగారు, పాసైంది.

ఇంక గొడవ జరిగిన చేప బొచ్చె. బొచ్చె పైనే మేస్తుంది కానీ తినేది కంటికి కనపడని నలకలు, అందుకే ఫ్లై మీద పడటం కష్టం. మన సభ్యుడొకాయన ఏం చేశాడంటే, కట్ట మీద పిక్నిక్‌కొచ్చే ఫ్యామిలీలు మరమరాలు విసురుతుంటే బొచ్చెలు పైకొచ్చి నోరెళ్లబెట్టడం చూశాడు, ఇంటికి పోయి తెల్ల ఫోమ్ కత్తిరించి అచ్చం మరమరం సైజులో ఫ్లై కట్టుకొచ్చాడు. రెండో ఆదివారం పడింది, ఆరు కిలోల పైమాటే, ఎనిమిదో నంబర్ రాడ్ విల్లులా వంగింది. ఇది ఫ్లై ఫిషింగేనా, మరమరాల ఫిషింగా అని గ్రూప్‌లో మూడు రోజులు కొట్టుకున్నారు. కమిటీ ఒప్పుకుంది, ఎందుకంటే హుక్ పై పెదవికి ఉంది. నా సొంత అభిప్రాయం అడిగితే, ఈగని చూసి ఈగలాంటి ఫ్లై కట్టినోడికీ ఈయనకీ తేడా లేదు, చేప ఏం తింటుందో చూసి కట్టాడు, అంతే. గడ్డిచేపకి ఆకుపచ్చ ఉన్నితో గడ్డిపోచలాంటిది కట్టిన సభ్యురాలిని అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కదా.

జిలేబీ గురించి ఒక మాట. 1952లో మన దేశానికి తెచ్చిన చేప, ఇప్పుడు లేని చెరువు లేదు, చిన్న నింఫ్‌కి గబుక్కున పడుతుంది కాబట్టి కొత్త సభ్యులకి దీనితోనే నేర్పిస్తున్నాం. ఒకావిడ పట్టిన చేపని తడి చేత్తో పట్టుకుంటే నోట్లోంచి పిల్లలు కారాయి, భయపడి చేప వదిలేసింది. తల్లి నోట్లోనే గుడ్లు పొదుగుతుంది, పిల్లల్ని దాస్తుంది, భయపడాల్సిందేం లేదు. పరకలు, వాలుగ గురించి రాయడానికి పెద్దగా లేదు, వాలుగ ఒక్కటే పడింది, అదీ లైన్ చివర దారం బదులు లోహపు తీగ కట్టుకున్నాయనకి, మిగతా ఇద్దరివి పళ్లతో తెంపుకుపోయింది.

బయటి ట్రిప్పులు రెండు. అక్టోబర్‌లో ఆరుగురం హిమాచల్ తీర్థన్ లోయకి పోయాం, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ట్రౌట్ పట్టనివ్వరు కాబట్టి ఆఖరి వారాల్లో. ఫిషరీస్ వాళ్ల లైసెన్స్ తీసుకున్నాం. బ్రౌన్ ట్రౌట్ యూరప్ చేప, ఇంగ్లీషోళ్లు తెచ్చి వదిలింది, చల్లనీళ్లు కావాలి, మన చెరువు మే నెలలో చూపిస్తే ప్రాణం విడుస్తుంది. నాలుగు రోజుల్లో మొత్తం తొమ్మిది పట్టాం, చిన్నవే. నాకు మాత్రం స్నో ట్రౌట్ నచ్చింది, పేరుకి ట్రౌట్ గానీ అది మన రవ్వ, బొచ్చెల కుటుంబమే, అక్కడి నదుల్లో మొదట్నుంచీ ఉన్నది. అంటే పేర్ల గందరగోళం మనకొక్కరికే కాదన్నమాట. వచ్చేటప్పుడు ఒక విమాన సంస్థ మన సంఘం ఐదో నంబర్ రాడ్ మూడు ముక్కలు చేసి ఇచ్చింది, కంప్లైంట్ పెట్టాం, సారీ అని మెయిల్ వచ్చింది, డబ్బులు రాలేదు.

డిసెంబర్‌లో భీమిలి. గోస్తని సముద్రంలో కలిసేచోట కొయ్యంగలు గుంపులు గుంపులుగా ఎగిరాయి, కాళ్ల మధ్యనుంచి పోయాయి, ఒక్కటంటే ఒక్కటి ఫ్లై వంక చూడలేదు. రెండోరోజు పొద్దున్నే తెల్ల క్లౌజర్ (చిన్న చేపలా కట్టే ఫ్లై) మీద ఒక పార చేప పడింది, అరచేతికి కొంచెం పెద్దది, కానీ లాగిన లాగుడికి ఐదు కిలోల చేపనుకున్నాం.

లెక్కలు: చందాలు నలుగురు తప్ప అందరూ కట్టారు, ఆ నలుగురికీ తెలుసు. చెరువుల మత్స్యకార సంఘాలకి మనం ఇచ్చే డబ్బులు ఎక్కడా బాకీ లేదు, వాళ్లు వదిలిన పిల్లల మీదే మనం ఆడుకుంటున్నాం కాబట్టి అది ముందు కట్టేస్తాం. హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి రావాలన్న రూల్ ఇంకా కొందరు మర్చిపోతున్నారు. ఎండాకాలం పది దాటాక చెరువు మీద కనపడొద్దు, వేడి నీళ్లలో అలిసిన చేప వదిలినా బతకదు.

కొత్త రిజిస్టర్‌లో మూడు గడులు పెట్టా: మీ ఇంట్లో ఏమంటారు, మార్కెట్‌లో ఏమంటారు, హుక్ ఎక్కడ ఉంది. పక్కనుంచి ఒక ఫొటో తప్పనిసరి. ఇంకా పేరు తేలని మూడు ఫొటోలున్నాయి, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి రామ్‌నగర్ పోదాం, వచ్చేవాళ్లు సంచి తెచ్చుకోండి, పేరడిగి ఊరికే వచ్చేస్తే ఈసారి ఆ అమ్మ ఊరుకోనంది.