కొరడా సంగతి సరే, కొలబద్ద మాటేమిటి?

సంపాదకుడు గారికి,

ప్రాచీన చైనా చట్టాల మీద ఈమధ్య మీరు వేసిన వ్యాసం చదివాను. ముక్కులు కోయడం, ముఖాన పచ్చబొట్లు పొడవడం, అన్నీ నిజమే, కాదనను. కానీ శిక్షల దగ్గరే ఆపేస్తే అక్కడి ఆలోచనాపరులకు అన్యాయం చేసినట్టే.

వాళ్లకు చట్టమంటే ముందు కొలత. క్రీ.పూ. 5వ శతాబ్దపు తత్వవేత్త మోజీ దీన్ని పనివాళ్ల సామాన్లతోనే చెప్పాడు: గుండ్రానికి వృత్తలేఖిని, చదరానికి మూలమట్టం, తిన్నగా గీయడానికి తాడు, నిలువు చూడటానికి గుండు దారం. చేయి తిరిగిన పనివాడైనా, అంతంతమాత్రం వాడైనా వీటినే నమ్ముకుంటాడు కదా, మరి దేశాన్ని ఏలేవాళ్లకు ఏ కొలతా అక్కర్లేదా అని అడిగాడు. పోనీ రాజునే కొలతగా పెట్టుకుందామా అంటే, రాజులు చాలామంది ఉన్నారు గానీ వాళ్లలో మంచివాళ్లు తక్కువ, కాబట్టి కుదరదన్నాడు. ఆ రోజుల్లో ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

అప్పటి చైనా రాజ్యాల్లో ఒకటైన చిన్ రాజ్యంలో మంత్రి షాంగ్ యాంగ్ క్రీ.పూ. 344లో చేయించిన కంచు కొలపాత్ర ఇప్పటికీ షాంఘై మ్యూజియంలో ఉంది. చిన్నదే, సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. క్రీ.పూ. 221లో, చిన్ రాజుగా ఉండి చైనా మొదటి చక్రవర్తి అయినవాడు దేశమంతా ఒకే కొలతలు ఉండాలన్న తన ఆజ్ఞను ఆ పాత్ర మీదే చెక్కించాడు.

1975లో హుబే రాష్ట్రం యున్‌మెంగ్‌లో ఒక చిన్న అధికారి సమాధిలో దొరికిన వెదురు పలకల మీద ఆ చిన్ చట్టాలే ఉన్నాయి. 120 జిన్‌ల (జిన్ అంటే అక్కడి పాత తూకపు కొలత) తూకపురాయిలో ఒక జిన్ తేడా వస్తే, అంటే నూటికి ఒక వంతు కూడా కాదు, ఆ శాఖ అధికారికి ఒక కవచం జుర్మానా, అందులో సగం తేడా అయితే ఒక డాలు. జుర్మానా పడింది రైతుకు కాదు, అధికారికి! మీ వ్యాసంలో ఈ ముక్క ఒక్కటైనా ఉండాల్సింది.

అలాగని అంతా బాగుందని నేను అనను. యువరాజు చట్టం తప్పితే షాంగ్ యాంగ్ అతని జోలికి పోలేక గురువులను శిక్షించాడు. సింహాసనం దాకా వెళ్లేసరికి ఆ కొలబద్ద ఆగిపోయింది, నా దృష్టిలో ఆ వ్యవస్థకున్న అసలు లోపం ఇదే, శిక్షల కాఠిన్యం ఆ తర్వాతి మాట.

వీలైతే ఆ వెదురు పలకల మీద, తెలిసినవాళ్లతో మరో వ్యాసం రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి