ఫిల్ము కెమెరాలో డిలీట్ ఉండదండీ

సంపాదకులకు నమస్కారం.

అల్లిపురంలో 30 ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, డిజిటల్ దెబ్బకు మూసేసినవాణ్ని. ఇప్పుడు నా డార్క్ రూమ్ ఇంటి వెనక బాత్‌రూమే. కిటికీకి నల్లగుడ్డ, తలుపు కింద సందుకి పాత తువ్వాలు. ఏడాదిగా ఆదివారాలు నలుగురైదుగురు కాలేజీ పిల్లలు ఫిల్ము రీలు మందుల్లో కడిగి బొమ్మ తెప్పించడం నేర్చుకోవడానికి అక్కడికి వస్తున్నారు. బీరువాల మీద పడున్న తాతల కెమెరాలు దులిపి తెస్తారు. మన సముద్రపు గాలికి సగం లెన్సుల్లో బూజు. ఫ్యాషన్ కోసం వచ్చేవాళ్లూ లేకపోలేదు, వాళ్లు ఒక రీలు ఖర్చు చూశాక మళ్లీ కనిపించరు. బొమ్మను ఫిల్ము మీద నిలబెట్టే మందు, హైపో, నాకు ఆదా. మా రోజుల్లో ఊటీలో తయారైన ఇందు ఫిల్ము దొరికేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడు రీలంటే దిగుమతి సరుకే.

వచ్చేవాళ్లలో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతె ఉంది. ఓడలో పనిచేసిన వాళ్ల తాత కొని తెచ్చిన పెంటాక్స్ కె1000 ఆమె దగ్గరుంది. లైట్ మీటరుకు తప్ప బ్యాటరీతో పనిలేని కెమెరా, నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచిది చెప్పలేను. పోయిన నెల ఒకరోజు తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి 21 ఫోటోలు తీసింది. తిరిగొస్తుంటే దారిలో ఒక ప్రహరీ గోడ మీద ఆరేసిన వల కనిపించింది. ఆగి 22వది తీసింది.

సెక్యూరిటీ ఆయన వచ్చాడు. ఇక్కడ ఫోటోలు తీయకూడదు, డిలీట్ చెయ్యి అన్నాడు. కుదరదండీ, రీలు కెమెరా అంది. స్క్రీన్ ఏదీ, చిప్ ఏదీ అని కెమెరాను అటూఇటూ తిప్పి చూశాడు. అబద్ధం చెబుతోందనుకున్నట్టున్నాడు. తెరిచి చూపించు అని గద్దించేసరికి ఈ పిల్ల టెన్షన్‌లో రివైండ్ నాబ్ పైకి లాగేసింది. వెనక తలుపు తెరుచుకుంది. వెంటనే మూసింది, కానీ బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

ఏడుపు ఆపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "అంతా పోయినట్టేనా మాస్టారూ?" అంది. "చూద్దాం ఉండమ్మా" అన్నాను. ఈ కెమెరాలో తీసిన ఫిల్ము ఒక పక్క చుట్టుకుంటూ పోతుంది. మొదట తీసినవి చుట్టలో లోపల ఉంటాయి, చివరివి పైన. వెలుతురు ముందు పై పొరల్నే తినేస్తుంది. మన కుళాయి నీళ్లు ఎండాకాలంలో 30 డిగ్రీలు దాటుతాయి, బొమ్మ తెప్పించే మందు, డెవలపర్‌కి కావలసింది 20. అందుకని ఫిల్ము కడిగే ట్యాంకును ఐసు ముక్కలు వేసిన బకెట్లో పెట్టి కడిగాం. (ఒకప్పుడు ఐసు దిమ్మ కొని గోనెసంచిలో తెచ్చుకునేవాణ్ని, ఇప్పుడు మా ఆవిడ ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నాను.) హైపో అయ్యాక రీలు తీసి బల్బు ముందు పట్టుకున్నాం. చివరి పది ఫోటోలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. తర్వాతి నాలుగైదింటికి అంచుల నుంచి మసి పాకినట్టుంది. మొదటి ఏడు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాటిలో ఒకటి, చేపలమ్మే ముసలావిడ చీర కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకోవడం. వేళ్లకు అంటిన పొలుసులు కూడా తెలుస్తున్నాయి. ముప్పావుగంట కాచుకుని తీసిన బోటు ఫోటో మాత్రం పోయింది. ఆయన తీసెయ్యమన్న వల ఫోటో ఆఖరిది కాబట్టి అదీ పోయింది. పనిలో పనిగా ఇంకో తొమ్మిదింటిని వెంట తీసుకుపోయింది.

ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయడం లేదు, అందుకే ఆ చోటు పేరు చెప్పలేదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది, ఫోటోలు తీయకూడని గోడలు ఇక్కడ చాలానే ఉంటాయి. మా స్టూడియో రోజుల్లోనూ పెళ్లి జంటను బీచ్‌కి తీసుకెళ్తే ఎటువైపు తిరగకూడదో తెలుసుకునే వెళ్లేవాళ్లం. కానీ ఆ గోడ మీద బోర్డు లేదు. మర్నాడు నేనే వెళ్లి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి చూశాను. సినిమా పోస్టర్లున్నాయి, మూత్ర విసర్జన చేయరాదు అని రాసుంది. ఫోటోల మాట ఎక్కడా లేదు.

నిషేధం ఉన్న ప్రతిచోటా తెలుగులో కనిపించేలా బోర్డు పెట్టించమని సంబంధిత అధికారుల్ని కోరుతున్నాను. కాపలావాళ్లకు ఒక్క ముక్క చెప్పించండి: ఫిల్ము కెమెరాను తెరిపించొద్దు. అనుమానం ఉంటే రీలు పూర్తిగా వెనక్కి చుట్టించి, డబ్బీ తీసుకుని, పేరు రాసుకోండి. కడిగించి చూసుకోండి. కావాలంటే వాళ్ల ముందే నేను కడిగిస్తాను, డబ్బులు వద్దు.

ఆ అమ్మాయి వచ్చే ఆదివారం మళ్లీ హార్బర్‌కి వెళ్తానంటోంది. కెమెరా వెనక తలుపు మీద మందుల షాపు తెల్ల టేపు అంటించి, "లోపల ఫిల్ము ఉంది, దయచేసి తెరవవద్దు" అని నేనే రాసిచ్చాను. దాని కింద అదే మాట హిందీలో మా పక్కింటి నేవీ ఆయన రాసిపెట్టారు.

— ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్,
అల్లిపురం, విశాఖపట్నం