మిక్స్‌టేప్‌కు పేజీ కావాలంటే ముందు పత్రికలో సమీక్ష రావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బెంగళూరు ర్యాప్ గాయకుల మీద ఈ మధ్య మీ నగర అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, వాళ్ల మిక్స్‌టేప్‌లకు (గాయకులే కూర్చి, తరచూ ఉచితంగా పంచే పాటల సంపుటాలకు) ఎవరైనా వికీపీడియాలో పేజీ పెడితే కొద్ది రోజులకే తీసేస్తున్నారనీ, ఇది ర్యాప్ అంటే ఉన్న చిన్నచూపేననీ రాశారు. తీరిక దొరికినప్పుడల్లా ఆ విజ్ఞాన సర్వస్వంలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసేవాణ్ణి కనుక ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను. లోపంలో ఎక్కువ పాలు పత్రికలదేనని చెప్పడానికే ఈ లేఖ.

అక్కడ పాట బాగుందా లేదా అన్న చర్చే రాదు. ఆ మిక్స్‌టేప్ చేసినవారితో ఏ సంబంధమూ లేని, నమ్మదగిన పత్రికో పుస్తకమో దాని గురించి ఏదో ఒక వాక్యంతో సరిపెట్టకుండా కాస్త వివరంగా రాసిందా అన్నదే చూస్తారు. తెలుగు వికీపీడియాలో దీన్ని విషయ ప్రాముఖ్యత అంటారు. గాయకుడికి ఎంత పేరున్నా ఆ పేరు అతని ప్రతి మిక్స్‌టేప్‌కూ దానంతటదే అంటుకోదు. ఇంగ్లీషు వికీపీడియాలో, పేజీ ఉంచాలా తీసేయాలా అన్న తొలగింపు చర్చ మామూలుగా 7 రోజులు నడుస్తుంది. ఓట్లు లెక్కపెట్టరు, ఎవరి వాదనకు ఆధారముందో చూసి ముగిస్తారు. అందుకే అభిమానులు గుంపుగా వచ్చి ‘ఉంచండి’ అని రాసి వెళ్లినా ఫలితం ఉండదు.

నేను పాల్గొన్న ఒక చర్చ సంగతి చెబుతాను. తెలుగూ కన్నడమూ కలిపి పాడే ఇక్కడి కుర్రవాడొకరి మిక్స్‌టేప్ పేజీ అడుగున అరడజను మూలాలున్నాయి. తెరిచి చూస్తే వాటిలో మూడు ఒకే పత్రికా ప్రకటన; మూడు వెబ్‌సైట్లలోనూ అక్షరం మారకుండా, పాట పేరులో దొర్లిన అచ్చుతప్పుతో సహా ఉంది. నాలుగోది యూట్యూబ్ లంకె, ఐదోది కచేరీ టికెట్ల పేజీ. మిగిలిన ఇంటర్వ్యూలో ప్రశ్నలు విలేకరివే గానీ మిక్స్‌టేప్ గురించి చెప్పినదంతా గాయకుడే. ఎన్ని లక్షల మంది విన్నారన్నది పేజీలో రాయదగిన విషయమే, కానీ ఆ ఒక్క అంకెను పట్టుకుని పేజీ నిలబడదు. ఆ కుర్రవాడి పాటలు నాకు ఇష్టం, సిల్క్ బోర్డు కూడలి మీద కట్టిన చరణమైతే మరీ ఇష్టం. అయినా ఈ పేజీని గాయకుడి పేజీకి దారిమార్పు చేసి (అంటే తెరిచినవారు నేరుగా అక్కడికే వెళ్లేలా పెట్టి), పాటల జాబితాను అక్కడ చేర్చితే చాలని రాశాను.

అదే చర్చలో మరొకరు, మిక్స్‌టేప్ అసలు ఆల్బమే కాదనీ, ఉచితంగా పంచిపెట్టేదానికి పేజీ ఏమిటనీ అన్నారు. ఈ వాదన చర్చకు నిలవదు. డెమోలకూ (నమూనా రికార్డింగులకూ) మిక్స్‌టేప్‌లకూ సాధారణంగా ప్రాముఖ్యత ఉండదనీ, స్వతంత్ర మూలాల్లో తగినంత సమాచారం ఉంటే తప్ప పేజీ అక్కర్లేదనీ ఇంగ్లీషు వికీపీడియా మార్గదర్శకాల్లో రాసుకున్న మాట నిజమే. ఆ జాగ్రత్త వెనక చరిత్ర ఉంది. 1970లలో న్యూయార్క్ డీజేల క్యాసెట్లు, మన ఊళ్లలో రికార్డింగ్ సెంటర్ వాడు అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చిన క్యాసెట్ల లాగే, చేతులు మారుతూ తిరిగేవి. తర్వాతి కాలంలో ఇతరుల సంగీతాన్ని అనుమతి లేకుండా వాడుకుని దాని మీద కొత్త ర్యాప్ చెప్పడం పెరిగింది. 2007 జనవరిలో అమెరికాలోని అట్లాంటాలో, మిక్స్‌టేప్‌ల తయారీకి పేరుపడ్డ డీజే డ్రామాను అరెస్టు చేసి వేల కొద్దీ సీడీలు పట్టుకుపోయారు. అలాంటి సరుకులో చాలాభాగానికి కంపెనీ లేదు, లెక్కాపత్రం లేదు. కానీ ఛాన్స్ ద ర్యాపర్ అనే అమెరికన్ గాయకుడు 2016లో స్ట్రీమింగ్‌లో మాత్రమే విడుదల చేసిన మిక్స్‌టేప్ ‘కలరింగ్ బుక్’ మరుసటి ఏడు గ్రామీల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గెలిచింది. అమ్మారా, పంచారా అన్నది ఇక కొలమానం కాదు. దాని గురించి ఎవరు ఏం రాశారన్నదే కొలమానం.

అచ్చులో లేకపోతే నోటి మాటనే మూలంగా తీసుకోవచ్చు కదా అని మీ పాఠకులు అడగవచ్చు. 2011లో బెంగళూరుకు చెందిన అచల్ ప్రభల ఆధ్వర్యంలో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో వికీపీడియా కోసం ఆ ప్రయత్నం జరిగింది. పల్లె ఆటలూ ఆచారాలూ తెలిసినవారిని మాట్లాడించి, ఆ రికార్డింగులను మూలాలుగా వాడి చూశారు. నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే అది అచ్చు చేరని చోట్ల కోసం చేసిన పని. ఇన్ని పత్రికలున్న నగరంలో ర్యాప్‌కు ఆ వెసులుబాటు ఇస్తే సాక్షులుగా వచ్చేది గాయకుడి మిత్రబృందమే.

కాబట్టి అడగవలసింది మిమ్మల్నే. సినిమా పాటల విడుదల వేడుకకు అర పేజీ ఇచ్చే అనుబంధంలో మిక్స్‌టేప్ విడుదలైతే వచ్చిన ప్రకటనను వచ్చినట్టు వేస్తున్నారు. ఎవరైనా కూర్చుని విని, సంగీతం ఎవరిది, ఎవరి ట్యూన్ వాడుకున్నారు, ఏ పాట తేలిపోయింది అని నాలుగు పేరాలు రాసి, కింద రాసినవారి పేరు వేయండి. ప్రకటనైతే ప్రకటన అని పైనే చెప్పండి. రెండేళ్లు తిరగకముందే మీ వెబ్‌సైట్‌లో పాత లంకెలు తెరుచుకోవడం మానేస్తున్నాయి, దాన్నీ కాస్త చూడండి. సమీక్షలో ఆ మిక్స్‌టేప్‌ను చెడామడా తిట్టినా మాకు అభ్యంతరం లేదు, అదీ మూలమే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్ళి, బెంగళూరు