నాకు వెబ్ డెవలప్‌మెంట్ నేర్పినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. ఈ నెలలో విజయవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫుల్‌స్టాక్ డెవలపర్‌గా చేరాను, అంటే తెర మీద కనబడే పేజీ, దాని వెనక పనిచేసే సర్వర్, సమాచారం దాచే డేటాబేస్ మూడూ రాసే పని. బీకాం చదివి, పెళ్లయ్యాక తెనాలిలో ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాసుకుంటున్న నేను ఇక్కడిదాకా రావడానికి చాలామంది చెయ్యి అందించారు. తాము చేసింది ఎంత పెద్ద సాయమో వాళ్లలో కొందరికి తెలియదు కూడా. అందుకే ఎవరు ఏమిచ్చారో వివరంగా రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఉంటుందని నా నమ్మకం.

ముందుగా మా పెద్దమ్మ కూతురు. అక్క హైదరాబాద్‌లో ఇదే పని చేస్తుంది. నేర్చుకుంటానని ఫోన్ చేసినప్పుడు నా దగ్గర పెద్ద జాబితా ఉంది: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, నోడ్, ఎక్స్‌ప్రెస్, మాంగోడీబీ, తర్వాత డాకర్, క్లౌడ్. నేను చూసిన కోచింగ్ కరపత్రాలన్నిటిలో ఇదే వరస. ఒకటి పూర్తిగా ముగించి ఇంకోటి మొదలుపెడదామన్నది నా ఆలోచన. అక్క అంతా విని, "అది పక్కన పెట్టు. ఒకే ఒక్క గడి ఉన్న ఫారం చెయ్యి. అందులో పేరు రాసి బటన్ నొక్కితే ఆ పేరు సర్వర్‌కి వెళ్లాలి, డేటాబేస్‌లో పడాలి, పేజీ మళ్లీ తెరిస్తే కనబడాలి. అందచందాలు తర్వాత. అది అయ్యాక నాకు చెప్పు" అంది.

నాకు దారి చూపించింది ఆ మాటే. ఆ ఒక్క గడి కోసం హెచ్‌టీఎంఎల్‌లో ఫారం రాయడం, జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ అనే ఆదేశంతో దాన్ని పంపడం, సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ మీద ఎక్స్‌ప్రెస్‌తో అందుకోవడం, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక టేబుల్ చేసి, దాచడానికి ఇన్సర్ట్, తీయడానికి సెలెక్ట్ రాయడం నేర్చుకున్నాను. ప్రతిదాంట్లోనూ కొంచెం కొంచెమే. కానీ ఏది ఎందుకుందో, ఒకటి లేకపోతే ఇంకోటి ఎక్కడ ఆగిపోతుందో అర్థమైంది. ఆ తర్వాత ఏ పాఠం విన్నా అది ఈ దారిలో ఎక్కడ కూర్చుంటుందో తెలిసేది.

అక్క ఇచ్చిన రెండో సాయం ఇంకా పెద్దది. ఏదైనా పనిచేయక ఫోన్ చేస్తే ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు. మూడు ప్రశ్నలు అడిగేది: బ్రౌజర్ ఏం పంపింది? సర్వర్‌కి ఏం అందింది? డేటాబేస్‌లో ఏముంది? ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవడం, వెళ్లిన అభ్యర్థనను విప్పి చూడటం అలా అలవాటైంది. సర్వర్ జవాబులో 400 వరుస నంబర్ వస్తే అడిగిన తీరులో తేడా ఉన్నట్టు, 500 వరుస వస్తే సర్వర్ వైపు వెతకాలని తెలిసింది. కొత్తవాళ్లను బాగా భయపెట్టే కోర్స్ (సీఓఆర్ఎస్) ఎర్రర్, అంటే ఒక చోటి పేజీ ఇంకో చోటి సర్వర్‌ను అడిగితే బ్రౌజర్ ఆపడం, కూడా అలాగే విడిపోయింది. నా కంప్యూటర్‌లోనే పేజీ 5173 పోర్టులో, సర్వర్ 3000 పోర్టులో ఉన్నాయి. పోర్టు అంటే ఒకే ఇంటికి వేర్వేరు తలుపుల నంబర్లలాంటిది. పోర్టు మారినా బ్రౌజర్ దృష్టిలో అది వేరే చోటే. సర్వర్ తన జవాబుతో పాటు పంపే హెడర్ అనే వివరాల్లో సరేనని చెబితే తప్ప బ్రౌజర్ ఆ జవాబును మన కోడ్ చేతికివ్వదు. మన రక్షణ కోసమే అలా ఆపుతోందని తెలిశాక నాకు ఆ ఎర్రర్ మీద కోపం పోయింది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎర్రర్ వస్తే ఎర్రటి అక్షరాలు చూడగానే కళ్లు తిరిగేవి. అక్క ఒక్కొక్కటీ తెలుగులో చెప్పేది. "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్" వస్తే, "లేనిదాన్ని పట్టుకుని దాని లోపల ఏముందని అడుగుతున్నావు. అది ఎందుకు లేదో చూడు. డేటా ఇంకా రాలేదా, పేరు తప్పు రాశావా?" అనేది. ఇప్పుడు ఆఫీసులో కూడా ఎర్రర్‌ను నేను మనసులో తెలుగులోనే చదువుకుంటాను.

తర్వాత మా పొదుపు సంఘం. ఫారం పనిచేశాక అక్క అడిగింది, "నీ చుట్టూ ఎవరికి ఏం కావాలి?" అని. మా అత్తయ్య డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. అక్కడ లెక్కలు రాసే వదిన మినిట్స్ పుస్తకం, పొదుపు ఖాతా, అప్పుల ఖాతా అన్నీ చేత్తో రాసి, నెలాఖరుకు కూడికలు మళ్లీ మళ్లీ వేసుకునేది. ఆ లెక్కల కోసం ఒక సైట్ చేద్దామని ఆమె దగ్గర కూర్చుని ఆ పుస్తకాలు చూస్తే నేను చేయాల్సిన టేబుళ్లు అందులోనే ఉన్నాయి: సభ్యులు, పొదుపు, అప్పులు, వాయిదాలు. ఖాతా పుస్తకంలో ఫోలియో నంబర్ చేసే పనే డేటాబేస్‌లో ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌తో ముడివేసే ఫారిన్ కీ చేస్తుందని అక్కడే అర్థమైంది. ఇన్నేళ్లూ ఎందుకూ కొరగాదనుకున్న నా బీకాం ఆ రోజు నాకు తోడొచ్చింది.

కరపత్రాల్లో ఉన్న మాంగోడీబీ అనే వేరే రకం డేటాబేస్ బదులు అక్క నన్ను పోస్ట్‌గ్రెస్‌లోకి పంపింది కూడా ఇందుకే. లెక్కలంటే ఒకదానితో ఒకటి ముడిపడినవి. ఒక సభ్యురాలు వాయిదా కడితే ఆమె అప్పు తగ్గాలి, సంఘం చేతిలో నగదు పెరగాలి. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. డేటాబేస్‌లో దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు: మొదలుపెట్టడానికి బిగిన్, ఖాయం చేయడానికి కమిట్, మధ్యలో ఏదైనా చెడితే అంతా వెనక్కి తీసుకోవడానికి రోల్‌బ్యాక్. ఇది వదినకు చెబితే, "మరి అంతేగా, ఒక పుస్తకంలో రాసి రెండో పుస్తకంలో రాయకపోతే మీటింగ్‌లో నన్ను ఊరుకుంటారా?" అంది. ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇదే: డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌ను చివరికి నెట్టకండి, మొదట్లోనే పట్టుకోండి.

డబ్బు విషయంలో ఇంకో మాట. జావాస్క్రిప్ట్‌లో 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ ఈ భిన్నాలను 0, 1 అనే రెండే అంకెలు వాడే పద్ధతిలో దాస్తుంది కాబట్టి అవి సరిగ్గా ఇమడవు. నూటికి నెలకు రూపాయి వడ్డీ లెక్క వేసే చోట ఇలాంటి తోక అక్కర్లేదు. అంతా పైసల్లో, పూర్ణాంకాలుగా దాచి, చూపించేటప్పుడు మాత్రమే రూపాయలుగా మార్చమని అక్క చెప్పింది. అలాగే చేశాను.

తెలుగు పేర్ల సంగతి మాత్రం వదిన పట్టుకుంది. పేరు గడికి 15 అని హద్దు ఉంటే, వెంకట సుబ్బలక్ష్మి లాంటి పేరు టైప్ చేసినప్పుడు "వెంకట సుబ్బలక్ష" దగ్గర ఆగిపోతోంది. మన లెక్కలో ఆ పేరు ఏడక్షరాలే. కానీ జావాస్క్రిప్ట్‌కి హల్లు వేరు, పొల్లు గుర్తు వేరు, గుణింతపు గుర్తు వేరు, మధ్యలో ఖాళీ కూడా ఒకటి. మొత్తం 18. "లక్ష్మి" ఒక్కటే 7. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఇంగ్లిష్ పేర్లతో చేసిన ఏ పాఠంలోనూ నాకు ఇది ఎదురవలేదు. తెలుగువాళ్ల కోసం ఏదైనా చేసేవాళ్లు దయచేసి తెలుగు పేర్లతోనే పరీక్షించండి, అదీ ఒత్తులున్న పొడుగు పేర్లతో. వదినా, నువ్వు ఓపిగ్గా అందరి పేర్లూ టైప్ చేసి చూపించావు కాబట్టే అది బయటపడింది.

డేటా మారినప్పుడల్లా పేజీని దానంతట అదే మార్చే రియాక్ట్ గురించి కొద్దిగా. అది మంచి సాధనమే, ఇప్పుడు రోజూ వాడుతున్నాను. కానీ సభ్యుల జాబితాను మామూలు జావాస్క్రిప్ట్‌తో చేత్తో మార్చుకుంటూ, ఒక చోట మారిస్తే ఇంకో చోట పాత అంకె మిగిలిపోవడం చూశాకే దాని విలువ తెలిసింది. అక్క దాన్ని ఆలస్యంగా పరిచయం చేసినందుకు కూడా థాంక్స్.

నేను ఎప్పుడూ చూడని మనుషులకూ రుణపడ్డాను. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ పేజీలు నాకు నిఘంటువు. 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్, అలాగే ది ఓడిన్ ప్రాజెక్ట్ ఒక్క రూపాయి అడగకుండా పాఠాలు పెట్టాయి. కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టే, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్, 2009లో ర్యాన్ డాల్ బయటపెట్టిన నోడ్, బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టిన పోస్ట్‌గ్రెస్ అన్నీ ఎవరైనా తీసుకుని వాడుకోగలిగినవే. సైట్ సురక్షితంగా, హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్ కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగానే ఇచ్చింది. అసలు వెబ్‌నే 1993 ఏప్రిల్ 30న అది పుట్టిన సెర్న్ అనే పరిశోధన సంస్థ ఎవరూ ఏమీ చెల్లించనక్కర్లేకుండా అందరికీ వదిలేసింది. ఆ రోజు వాళ్లు వేరేలా నిర్ణయించి ఉంటే, ఎరువుల కొట్టు జీతంతో నేను ఈ దారిలో అడుగు పెట్టేదాన్ని కాదు.

అత్తయ్యా, నీ గురించి ఎక్కువ రాస్తే నువ్వు ఒప్పుకోవని తెలుసు. రాత్రి పాపను నీ పక్కలో వేసుకుని "నువ్వు చదువుకో" అన్నావు. ఎవరైనా "ఈ వయసులో కోడలికి చదువేంటి" అంటే నేను నోరు తెరవకముందే నువ్వే సమాధానం చెప్పావు. సంఘం మీటింగ్‌లో అందరి ముందు ఫోన్ పట్టుకుని "మా అమ్మాయి చేసింది" అని చూపించావు. కోడలు అనలేదు, అమ్మాయి అన్నావు. అది నేను మర్చిపోను.

మా వీధి లైబ్రరీ మాస్టారికి నమస్కారాలు. కిటికీ పక్కన ప్లగ్ ఉన్న బల్ల నాకోసం ఉంచేవారు. పాత ల్యాప్‌టాప్ ఇచ్చి "బ్యాటరీ పని చేయదు, వైరు పెట్టుకుని వాడుకో" అన్న మా మామయ్యకు, శనివారం త్వరగా వెళ్లనిచ్చిన కొట్టు యజమానికి కృతజ్ఞతలు.

ఇంటర్వ్యూలో నన్ను పెద్దగా చిక్కు ప్రశ్నలు అడగలేదు. "మీరు చేసినదాని గురించి చెప్పండి" అన్నారు. వదిన బటన్ నొక్కిన దగ్గర్నుంచి వాయిదా డేటాబేస్‌లో పడి, మిగిలిన అప్పు తెర మీదకు వచ్చేదాకా వరసగా చెప్పాను. మధ్యలో నెట్ పోతే ఏమవుతుందని అడిగారు. ఒకే వాయిదా రెండుసార్లు పడకుండా ప్రతి చెల్లింపుకీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అది ముందే ఉంటే మళ్లీ రాయకుండా ఆపే పద్ధతి చెప్పాను. ఆ ప్రశ్న అక్క నన్ను చాలా ముందే అడిగింది.

ఇక్కడ చదివేవాళ్లలో మీ ఊళ్లో పొదుపు సంఘం లెక్కలు రాసేవాళ్లుంటే, ఈ కోడ్ మీకు ఉచితంగా ఇస్తాను, పెట్టుకోవడానికి సాయం చేస్తాను. నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలు, ముఖ్యంగా మధ్యలో చదువు ఆపినవాళ్లు, మొహమాటం లేకుండా మెసేజ్ పెట్టండి. ఆదివారాలు నాకు తీరికే. మొదట ఒక గడి ఉన్న ఫారం చేయమంటాను.

వదినా, మీటింగ్ రోజు బ్యాంకుకి ఇవ్వడానికి నువ్వడిగిన ప్రింట్ పేజీ ఈ వారంలో పెడుతున్నాను. సంతకాలకు చోటు కింద ఉంచాలా, పక్కన ఉంచాలా చెప్పు.