బారెల్ మీద జౌల్స్ చెక్కించండి: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హనుమకొండలో పిల్లలకు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్పుతాను. ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమావళి మీ శాఖ చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. ఎయిర్ గన్‌లను నిషేధించమని గానీ, రూల్స్ సడలించమని గానీ అడగడం లేదు. ఉన్న రూలును మామూలు మనిషి పాటించగలిగేలా చేయమంటున్నాను.

రూలు ఏమిటో అందరికీ తెలిసేలా ఒకసారి చెబుతాను. గుండు బారెల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ దాటకూడదు. అంటే దాదాపు 15 అడుగు-పౌండ్లు. బారెల్ లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 అంగుళాలు మించకూడదు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావాలి. 20 జౌల్స్ అంటే రెండు కిలోల బియ్యం సంచి మీటరు ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ దెబ్బంతా మిరియపు గింజంత సీసపు గుండులో చేరి, ఒకే చోట దిగుతుంది. కన్ను పోతుంది, తగలరాని చోట తగిలితే ప్రాణం కూడా పోతుంది. అందుకే ఈ హద్దు అవసరమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

గత వేసవిలో పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి డిగ్రీ చదివే అబ్బాయి తన రైఫిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మొక్కజొన్న చేనులో కోతుల బెడద భరించలేక, చప్పుడుకు బెదిరిపోతాయని ఎవరో చెబితే వాళ్ల నాన్న కొనిచ్చాడు. మూగజీవాల మీద ఒక్క గుండు కూడా పేల్చవద్దని, వన్యప్రాణి సంరక్షణ చట్టం, జంతు హింస నివారణ చట్టం రెండూ మెడకు చుట్టుకోవచ్చని ముందు అదే చెప్పాను. అప్పటికే వాడికి కోతుల మీద కంటే గురి మీద ఇష్టం పెరిగింది. గోడకు కాగితం అంటించి కొట్టుకుంటున్నాడు, ఆట నేర్చుకుందామని వచ్చాడు.

కొన్న ఏడాదికి, గుండు వెనుక గాలిని నెట్టే స్ప్రింగ్ మెత్తబడిందని షాపులో కొత్తది వేయించుకున్నాడట. "ఇది గట్టి స్ప్రింగు, పవర్ ఎక్కువొస్తదని చెప్పి వేసిండు సార్. లైసెన్స్ అక్కర్లేదన్నడు" అన్నాడు. నా దగ్గర గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంది. 0.53 గ్రాముల గుండ్లతో పది సార్లు కొట్టించాను. సగటు వేగం సెకనుకు 290 మీటర్లు వచ్చింది. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే శక్తి వస్తుంది. లెక్క వేస్తే 22.3 జౌల్స్.

ఆ పిల్లవాడికి తెలియకుండానే లైసెన్స్ లేని ఆయుధం వాడి చేతిలో ఉంది! ఆయుధాల చట్టంలో 'ఫైర్‌ఆర్మ్' నిర్వచనం మందుగుండుతో ఆగదు, వేరే శక్తితో గుండు వదిలేవాటికీ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా ఫైర్‌ఆర్మ్ ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. లైసెన్స్ లేకుండా ఒక కేటగిరీ ఆయుధాన్ని మరో కేటగిరీగా మార్చకూడదని కూడా అదే సవరణ ఆరో సెక్షన్‌లో చేర్చింది. మామూలు రిపేరు అనుకుని వేయించుకున్న ఒక్క స్ప్రింగు అంత దూరం తీసుకుపోతుంది. ఈ మాట చెబుతుంటే వాడి ముఖం పాలిపోయింది. ఆ రైఫిల్‌తో ఇంకెక్కడా కొట్టవద్దని చెప్పి, వాళ్ల నాన్నను వెంట తీసుకుని షాపుకు పంపాను. పాత కొలత స్ప్రింగే వేయించుకుని వచ్చాక మళ్లీ కొలిచాను. 255 మీటర్లు, 17.2 జౌల్స్. ఆ కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చాను. నా సంతకానికి చట్టంలో విలువ లేదని నాకు తెలుసు. కానీ అటువంటి కాగితం ఇచ్చే ప్రభుత్వ మనిషి ఎవరో కూడా నాకు తెలియలేదు.

మంత్రి గారూ, సమస్య అంతా ఇక్కడే ఉంది. చట్టం జౌల్స్‌లో మాట్లాడుతుంది. దుకాణం ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు ఎన్ని అడుగులు అనే లెక్కలో అమ్ముతుంది. నా చేతికి వచ్చిన పెట్టెల మీద "1000 ఎఫ్‌పీఎస్" అని పెద్ద అక్షరాలు చూశాను గానీ, ఏ బరువు గుండుతో అన్నది చాలాసార్లు కనిపించలేదు. 0.35 గ్రాముల తేలికపాటి గుండు ఆ వేగంతో పోతే 16 జౌల్సే. హద్దు లోపల ఉన్నట్టు. అదే వేగంతో 0.53 గ్రాముల గుండు పోతే 24 జౌల్స్ దాటుతుంది. వేగం ఒక్కటే రాస్తే తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు. కొనేవాడికి తెలియదు, అమ్మేవాడు చెప్పడు, తనిఖీ చేసే కానిస్టేబుల్‌కు కొలిచే దారి లేదు.

తనిఖీ అంటే గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం పోటీలకు పిల్లలను రైల్లో తీసుకెళుతుంటే ఒక స్టేషన్‌లో మమ్మల్ని దింపి కూర్చోబెట్టారు. పొడవాటి పెట్టె, లోపల రైఫిల్, పక్కన పద్నాలుగేళ్ల అమ్మాయి. అనుమానం రావడంలో తప్పు లేదు. ఆ ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. షూటింగ్ అసోసియేషన్ కార్డు, బిల్లు, పోటీ ఎంట్రీ అన్నీ చూపించాను. "ఇది ఇరవై లోపే అని ఈ తుపాకీ మీద ఎక్కడుందండీ?" అని అడిగారు. ఎక్కడా లేదు. ఆయన ప్రశ్న న్యాయమైనదే, నా దగ్గర జవాబే లేదు. మూడు గంటల తర్వాత వదిలారు. మరుసటి రోజు ఆ అమ్మాయి నిద్ర లేకుండా, టెన్షన్‌తో లైన్ మీద నిలబడింది. పది పాయింట్ల వలయం అర మిల్లీమీటరు చుక్క అండీ. ఊపిరి కాస్త తడబడినా పోతుంది.

నిజానికి పోటీ రైఫిల్ ఆ హద్దుకు చాలా దూరంలో ఉంటుంది. 0.53 గ్రాముల గుండు సెకనుకు 170, 175 మీటర్ల వేగంతో పోతుంది. అంటే ఎనిమిది జౌల్స్ దగ్గర, హద్దులో సగం కూడా కాదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అలాంటి రైఫిల్ పట్టుకున్న పిల్లలూ, గట్టి స్ప్రింగ్ వేయించుకుని పిట్టలను కొట్టేవాళ్లూ తనిఖీలో ఒకేలా కనిపిస్తున్నారు.

జర్మనీలో ఒక పద్ధతి ఉంది. అక్కడ హద్దు 7.5 జౌల్స్. దాని లోపు ఉన్న ఎయిర్ రైఫిల్ మీద ఐదు మూలల గీత లోపల 'ఎఫ్' అనే అక్షరం చెక్కి ఉంటుంది. పోలీసుకైనా కొనేవాడికైనా ఆ గుర్తు చూస్తే చాలు. మనకూ అటువంటిది కావాలి. బారెల్ మీద చెరగకుండా రెండు అంకెలు చెక్కాలి: ఎన్ని జౌల్స్, ఎంత బరువు గుండుతో. బిల్లు మీద కూడా అవే ఉండాలి. మనదేశంలో తయారైనా, దిగుమతి అయినా ఇదే నియమం. ఎఫ్‌పీఎస్ రాసుకోవాలంటే పక్కనే గుండు బరువు రాయాలి.

ఒకసారి గుర్తు వేస్తే సరిపోదు. ఎయిర్ రైఫిల్ ఒకే లెక్కలో ఉండదు, పని చేసే కొద్దీ మారుతుంది. మెకానిక్కులకు ఇది కొత్త కాదు గానీ, రూల్స్ రాసేవారికి వివరంగా చెప్పాలి. స్ప్రింగ్ రైఫిల్‌ను లాగి ఎక్కుపెట్టి గంటల తరబడి వదిలేస్తే స్ప్రింగ్ కుంగి వేగం తగ్గుతుంది. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కితే, స్ప్రింగ్ నెట్టే పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుని, గాలి పక్కకు పోకుండా ఆపే సీల్ చిట్లుతుంది. కొందరు బాగా పని చేస్తుందని కుట్టు మిషను నూనె బారెల్ వెనుక నుంచి పోస్తారు. లోపల గాలి ఒక్కసారిగా నలిగినప్పుడు వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది. పొగ, పెద్ద చప్పుడు, ఆ దెబ్బకు గుండు మామూలు కంటే చాలా వేగంగా పోతుంది. పదిహేను జౌల్స్ రైఫిల్ కూడా ఆ ఒక్క షాట్‌లో హద్దు దాటవచ్చు. సీల్ పాడవుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. మా పిల్లలకు మొదటి రోజే చెబుతాను: పిస్టన్ గదిలోకి నూనె చుక్క పోకూడదు, వానాకాలంలో పైన ఇనుముకు మాత్రం గుడ్డతో పల్చగా రాసి తుడవాలి, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మరలు వారానికోసారి చూసుకోవాలి, సీసం గుండ్లు ముట్టుకున్న చేతితో అన్నం తినకూడదు.

సిలిండర్‌లో గాలి నింపే పీసీపీ రైఫిల్ సంగతి వేరు. గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ లేనిదైతే నిండుగా ఉన్నప్పుడు ఒక వేగం, నడుమ ఇంకాస్త ఎక్కువ, చివరికి తక్కువ వస్తుంది. రెగ్యులేటర్ ఉన్నదైతే అది అరిగి లీకయినప్పుడు వేగం ఇష్టం వచ్చినట్టు మారుతుంది. యజమాని ఏమీ ముట్టుకోకపోయినా! పైగా స్ప్రింగ్ రైఫిల్‌కు సాధారణంగా తేలిక గుండుతో, పీసీపీకి బరువు గుండుతో ఎక్కువ శక్తి వస్తుంది. అందుకే ఎన్ని షాట్లు కొట్టాలి, ఏ బరువులతో కొట్టాలి, సగటు తీసుకోవాలా గరిష్ఠం తీసుకోవాలా అన్నది నియమావళి స్పష్టంగా, అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పాలి. నన్ను అడిగితే గరిష్ఠమే తీసుకోమంటాను. ఎదురుగా ఉన్న మనిషికి తగిలేది సగటు గుండు కాదు కదా. సిలిండర్ల మీద తయారీ తేదీ ఉంటుంది, పోటీ రైఫిల్ కంపెనీలు సాధారణంగా పదేళ్లకు మించి వాడవద్దంటాయి. 200 బార్, అంటే మామూలు గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడి ఉండే గొట్టం పిల్లల బుగ్గ కిందే ఉంటుంది. కాలం తీరిన సిలిండర్లు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. దీన్ని కూడా చూడమని కోరుతున్నాను.

కొలిచే చోటు కావాలి. ప్రతి జిల్లా పోలీస్ హెడ్‌క్వార్టర్స్‌లో ఆయుధాగారం ఉంది, అక్కడ ఆయుధాలు చూసుకునే, బాగుచేసే ఆర్మరర్లు ఉన్నారు. వాళ్లు చేయి తిరిగినవాళ్లు. ఒక్కొక్క చోట ఒక క్రోనోగ్రాఫ్ ఇప్పించండి. కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. నెలలో ఒక రోజు పెట్టి, ఎయిర్ రైఫిల్ ఉన్నవారు వచ్చి కొలిపించుకునేలా, చీటీ తీసుకునేలా చేయండి. రిపేరు చేయించాక మళ్లీ కొలిపించుకోవాలని రూలు పెట్టినా మాకు అభ్యంతరం లేదు, ఫీజు కూడా కడతాం. ఒక్క మనవి. హద్దు స్వల్పంగా దాటినట్టు తేలితే, తనంతట తానే వచ్చి చూపించుకున్న మనిషి మీద కేసు పెట్టకండి. సరిచేసుకుని తిరిగి తెమ్మని గడువు ఇవ్వండి. లేకపోతే భయంతో ఎవరూ రారు. ఆ రైఫిళ్లన్నీ అటక మీదే, గట్టి స్ప్రింగ్‌తోనే ఉండిపోతాయి.

గట్టి స్ప్రింగులు, "పవర్ కిట్లు" అని అమ్మేవారి సంగతి వేరు. వారికి గడువు అక్కర్లేదు. ఆ కిట్ వేస్తే ఎన్ని జౌల్స్ వస్తుందో వారికి బాగా తెలుసు. పరకాల పిల్లవాడు భయపడినంత భయం వారికి ఉండాలి.

రూల్స్ తెలుగులో అచ్చు వేసి ప్రతి దుకాణంలో గోడకు అంటించమని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలకు చెప్పండి. ఒక్క పేజీ చాలు. ఆ పేజీ రాయడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. జిల్లా ఆయుధాగారానికి క్రోనోగ్రాఫ్ వచ్చేదాకా నా దానిని తెచ్చి వాళ్ల టేబుల్ మీద పెడతాను, ఆదివారాలు నేనే కూర్చుని కొలిచి చూపిస్తాను. ఆ అబ్బాయి ఇప్పుడు మా దగ్గరే నేర్చుకుంటున్నాడు. రైఫిల్ పెట్టె లోపల, మూతకు, నేను సంతకం పెట్టిన ఆ కాగితం అతికించుకున్నాడు. దాని స్థానంలో మీ శాఖ ముద్ర ఉన్న కాగితం ఒకటి రావాలని వాడూ నేనూ ఎదురుచూస్తున్నాం.

ఇట్లు
తమ విధేయుడు
ఒక షూటింగ్ కోచ్, హనుమకొండ